కుందూ ఒడ్డున దొరికిన నల్ల గొడ్డలి రాయి ఎక్కడిది? రాతి పనిముట్ల జాడ పట్టే తీరు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. కోయిలకుంట్ల దగ్గర కుందూ నది ఒడ్డు మిట్ట మీద, దున్నిన చేలో, నున్నగా అరగదీసిన నల్లరాతి గొడ్డలి ఒకటి కనిపించింది. దానితోపాటు ఎర్రవి, పాలరంగువి సన్నని చెకుముకి పెచ్చులు పాతిక దాకా, ముతక క్వార్ట్జైట్ (ఇసుకరాయి ముదిరి గట్టిపడిన రాయి) ముక్కలు కొన్ని ఉన్నాయి. ఈ రాళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో తేల్చవచ్చా, బళ్లారి వైపు నుంచి వర్తకం జరిగిందని వీటితో చెప్పవచ్చా అని అడిగారు.

సూటిగా చెబుతాను. క్వార్ట్జైట్ కుందూ గులకల్లోనే దొరుకుతుంది, దానికి ప్రయాణ కథ అక్కర్లేదు. చెకుముకి పెచ్చులు చాలామటుకు ఒక రోజు నడక లోపలివే అయి ఉంటాయి. అయితే వాటిలో అగేటు (పొరలు పొరలుగా గీతలున్న, వెలుగు దూరే సిలికా రాయి) ఉందేమో విడిగా చూడాలి. నల్ల గొడ్డలి మాత్రం ఆ మిట్ట రాయి కాదు. అది నిజంగా డోలరైట్ (కరిగిన రాయి నేల లోపలి చీలికల్లో గడ్డకట్టి ఏర్పడే బరువైన నల్లరాయి) అయితే కనీసం పాతిక ముప్పై కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చి ఉండాలి. అది బళ్లారి రాయేనని కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. రాయి కదిలిందని చెప్పడం ఒక మెట్టు, దాన్ని వర్తకం అనడం ఇంకా మూడు మెట్లు పైన ఉంటుంది. ఒక్క గొడ్డలితో అంత దూరం ఎక్కలేం.

ఇక కారణాలు.

ముందు నేల కింద ఏముందో తెలియాలి. అనంతపురం, కర్నూలు, కడప అనే మన మూడు పాత జిల్లాల్లో రాళ్ల పట్టీలు దేనికది విడిగా ఉంటాయి. ఈ పనికి అదొక వరం. పడమరన అనంతపురంలో ఎక్కువ భాగం, కర్నూలు పడమటి తాలూకాలు గ్రానైటు, నైసు నేల. ఆ గ్రానైటును చీల్చుకుని డోలరైట్ డైకులు గోడల్లా సాగుతాయి. నల్ల గుండ్లు వరసగా పేర్చినట్టు కనిపించే సన్నని పొడవాటి గుట్టలు అవే. రామగిరి, జొన్నగిరి చుట్టూ ఇంకా పాత షిస్టు పట్టీలు ఉన్నాయి. వాటిలో డోలరైట్‌లాగే నల్లగా, బరువుగా ఉండే యాంఫిబొలైట్ దొరుకుతుంది. గొడ్డళ్లకు రెండూ పనికొస్తాయి, అందుకే చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు.

అక్కడి నుంచి తూర్పుకు వస్తే కడప బేసిన్, అంటే పొరలు పొరలుగా రాళ్లు పేరుకున్న పాత పల్లం, మొదలవుతుంది. అడుగున గువ్వలచెరువు క్వార్ట్జైట్, దాని మీద వేంపల్లె డోలమైట్ (సున్నపురాయి జాతిది). ఆపైన పులివెందుల క్వార్ట్జైట్, తాడిపత్రి షేలు (బురద గట్టిపడిన రాయి), గండికోట క్వార్ట్జైట్. వేంపల్లె డోలమైట్‌లో చెకుముకి పొరలు, గడ్డలు పుష్కలం. ఈ వరసలోకి డోలరైట్ సిల్లులు, అంటే పొరల మధ్య అడ్డంగా పరుచుకున్న పలకలు, కూడా దూరి ఉన్నాయి. పులివెందుల దగ్గరి సిల్లు వయసు సుమారు 188 కోట్ల ఏళ్లు. ఆ వేడి రాయి డోలమైట్‌ను తాకిన చోట బలపపు రాయి, రాతినార పుట్టాయి. పూసలకు, చిన్న పాత్రలకు బలపపు రాయి వాడుకున్న కాలాల గురించి పనిచేసేవారికి ఈ అంచు చాలా ముఖ్యం.

ఇంకా తూర్పుకు, కుందూ లోయలోకి దిగితే కర్నూలు గ్రూపు పొరలు వస్తాయి. బనగానపల్లె, నర్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల: మన ఊళ్ల పేర్లే ఆ పొరల పేర్లు. సున్నపురాయి, షేలు, మధ్యలో క్వార్ట్జైట్. మీ గొడ్డలి విషయంలో తీర్పు చెప్పేది ఈ పట్టీయే. కర్నూలు గ్రూపు పొరల్లోకి డోలరైట్ చొరబడలేదు. ఇవి పేరుకునే నాటికే కింది వరసలోకి సిల్లులు వచ్చి చల్లారిపోయాయి. కాబట్టి కోయిలకుంట్ల మిట్ట కింద ఎంత లోతు తవ్వినా ఆ పొరల్లో గొడ్డలికి సరిపోయే నల్లరాయి తగలదు. దగ్గరి డోలరైట్ కోసం వాయవ్యంగా బేతంచెర్ల, డోన్ వైపు గానీ, నైరుతిగా తాడిపత్రి వైపు గానీ పోవాల్సిందే.

ఈ పటం కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు. భారత భూగర్భ సర్వే వారి భూకోశ్ వెబ్‌సైట్‌లో 1:50,000 స్కేలు పటాలు ఉన్నాయి. కోయిలకుంట్ల ప్రాంతం సర్వే ఆఫ్ ఇండియా 57 ఐ షీటులోకి వస్తుంది. దొరికిన చోటును గుర్తు పెట్టి, దాని చుట్టూ 5, 20, 50 కిలోమీటర్ల వలయాలు గీయండి. ఏ రాయి ఏ వలయంలో మొదటిసారి తగులుతుందో రాసుకోండి. సగం జవాబు అక్కడే వస్తుంది. వలయం గీసింది తిన్నని గీతల లెక్క, మనిషి నడిచేది కనుమల గుండా అన్న సంగతి మరవకండి. ఎర్రమల అవతల 20 కిలోమీటర్లున్న రాయి నడకలో 30 కావచ్చు. నల్లమల దాటాలంటే నందికనుమ లాంటి దారులే గతి.

ఏరు మోసుకొచ్చిన రాయిని మనిషి ఖాతాలో వేయకండి. ఈ రంగంలో మొదటి తప్పు ఇదే, చివరి తప్పూ ఇదే. రాయి పుట్టిన కొండ ఒకటి, మనిషి దాన్ని ఎత్తుకున్న చోటు ఇంకొకటి. నల్లమల క్వార్ట్జైట్‌ను వంకలు, వాగులు లక్షల ఏళ్లుగా కుందూలోకి దొర్లిస్తున్నాయి. పాత రాతియుగం వాళ్లు చేతిగొడ్డళ్లకు ఆ గులకరాళ్లనే వాడారు, కొండ దాకా పోవాల్సిన పని లేదు. కాబట్టి మీ మిట్టకు ఎగువన కుందూలో, దానిలో కలిసే వాగుల్లో కనీసం మూడు చోట్ల గులకలు లెక్కపెట్టాలి.

లెక్క ఇలా చేయండి. ఒక మీటరు చదరం గీయండి. అందులో 4 సెంటీమీటర్లకు మించిన రాళ్లలో వరసగా వంద తీయండి, నచ్చినవి ఏరుకోవద్దు. క్వార్ట్జైట్, పలుగురాయి, చెకుముకి, సున్నపురాయి, షేలు, డోలరైట్ అని విడదీసి సంఖ్య రాయండి. ప్రతి రకంలో అన్నింటికన్నా పెద్దదాని పొడవు కొలవండి. ఈ పొడవు చాలా పనికొస్తుంది. గులకల్లో డోలరైట్ ఉన్నా అది 6 సెంటీమీటర్లకు మించకపోతే, 14 సెంటీమీటర్ల గొడ్డలి ఆ గులక నుంచి రాదు కదా.

బనగానపల్లె పొర అడుగున గులకల ముద్దరాయి ఉంటుంది. వజ్రాల కోసం పూర్వం తవ్వింది దాన్నే. అందులో పాత చెకుముకి, ఎర్ర జాస్పర్, పలుగురాళ్లు గుండ్రంగా అరిగి ఇమిడి ఉంటాయి. ఆ ముద్దరాయి పగిలితే ఆ గులకలు మళ్లీ వాగులో పడతాయి. అంటే వేంపల్లె పొరలో పుట్టిన చెకుముకి మనిషి పుట్టకముందే ఒకసారి ప్రయాణం చేసి, బనగానపల్లె దగ్గర సిద్ధంగా ఉంది. రసాయన పరీక్షలో అది వేంపల్లె రాయిలాగే కనిపించవచ్చు. పెచ్చు మీద మిగిలిన పైతోలు, అంటే చెక్కకముందు రాయికున్న సహజమైన పైపొర, చూస్తే తేడా తెలుస్తుంది. పొర నుంచి తీసిన చెకుముకికి సమానంగా పోయే రెండు చదును ముఖాలు, వాటికి అంటుకున్న సున్నపు గరుకు తోలు ఉంటాయి. గులకకైతే గుండ్రటి, నున్నటి తోలు ఉంటుంది, దాని మీద నెలవంకల్లాంటి చిన్న దెబ్బ గుర్తులు కనిపిస్తాయి.

అగేటు సంగతి వేరు. పాలరంగు పెచ్చుల్లో కొన్నింటికి వెలుతురు అడ్డం పెట్టి చూడండి. అంచు నుంచి వెలుగు దూరి, లోపల ఉల్లిపొరల్లా వంపు తిరిగిన గీతలు కనిపించి, బయటి తోలు గుంటలు గుంటలుగా ఉంటే అది అగ్నిశిల బొరియలో పుట్టిన అగేటు కావచ్చు. దానికి పెద్ద పుట్టిల్లు దక్కను పీఠభూమిలో లావా గడ్డకట్టిన బసాల్ట్ రాయి. కృష్ణ, భీమ ఆ బసాల్ట్ మీదుగానే వస్తాయి కాబట్టి కృష్ణ గులకల్లో అగేటు సహజంగా ఉంటుంది. సంగమేశ్వరం దగ్గర అగేటు పనిముట్టు దొరికితే ఆశ్చర్యపోనక్కర్లేదు, నదే తెచ్చిపెట్టింది.

కానీ కుందూ పెన్నలో కలుస్తుంది. పెన్న గాని, చిత్రావతి, పాపాఘ్ని గాని దక్కను బసాల్ట్‌ను తాకవు. కాబట్టి కృష్ణకు, పెన్నకు మధ్య ఉన్న నీటి విభజన గట్టుకు దక్షిణాన అలాంటి అగేటు దొరికితే, దాన్ని ఆ గట్టు దాటించింది మనిషే. మీ పాతిక పెచ్చుల్లో నాకు అన్నింటికన్నా ఆసక్తి ఉన్నది ఇక్కడే. గొడ్డలి కన్నా ఆ చిన్న పెచ్చులే ఎక్కువ చెప్పగలవు. జాగ్రత్త ఏమిటంటే సున్నపురాయి, డోలమైట్ బొరియల్లో కూడా చాల్సిడనీ (అగేటు జాతి పాలరంగు రాయి) పుడుతుంది, అది మన దగ్గరే దొరుకుతుంది. గీతలు లేని పాలరంగు ముక్కను పట్టుకుని అగేటు అనవద్దు. తోలు మిగిలిన ముక్క ఒక్కటైనా చేతిలో ఉంటేనే ఆ మాట అనాలి.

ఇంకో చిక్కు కర్నూలు–కడప కాలువ. 19వ శతాబ్దంలో తవ్విన ఆ కాలువ తుంగభద్ర నీటిని ఈ గట్టు దాటించి కుందూ వైపు తెచ్చింది. తవ్వినప్పుడు తీసిన మట్టి, కట్టలకు పోసిన గులక, తర్వాతి మరమ్మతులకు లారీల్లో తెచ్చిన కంకర అన్నీ కలిసి ఉంటాయి. మీ చేను కాలువకు గానీ, పిల్లకాలువకు గానీ దగ్గరగా ఉంటే అక్కడి గులకల లెక్కను నమ్మకండి.

రంగును నమ్మితే మోసపోతాం. ఒకే చెకుముకి గడ్డ నిప్పు తగిలితే ఎర్రబడుతుంది, ఎండకు వానకు వేల ఏళ్లు ఉంటే తెల్లని పొర పడుతుంది, నల్లరేగడిలో ఉంటే గోధుమ రంగు పడుతుంది. అందుకే పాత ముఖం చూసి పోల్చకూడదు. నాగలి తగిలి ఈ మధ్య చిట్లిన అంచు ఎక్కడైనా ఉంటే పది రెట్ల భూతద్దంతో అక్కడ చూడండి. పరీక్ష కోసం పనిముట్టును మీరు పగలగొట్టకండి. ఆమ్లం చుక్క కూడా వేయవద్దు. పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క పరీక్ష కొండ దగ్గర తెచ్చిన నమూనా రాళ్లకే. సున్నపురాయి వెంటనే బుసబుసమంటుంది, డోలమైట్ గీకి పొడి చేస్తే గానీ పొంగదు. పొర ఏదో గుర్తుపట్టడానికి అది చాలు.

ఇక గొడ్డలికి ఇంట్లోనే చేయగల పరీక్ష సాంద్రత. ఒక గ్రాము వరకు చూపే, కొక్కెం ఉన్న త్రాసు చాలు. ముందు పొడిగా తూచండి. తర్వాత దారంతో కట్టి త్రాసు కొక్కేనికి వేలాడదీసి, రాయి పూర్తిగా నీటిలో మునిగేలా, బకెట్టు అడుగును, గోడలను తాకకుండా తూచండి. పొడి బరువును ఆ రెండు బరువుల తేడాతో భాగించండి. ఉదాహరణకు పొడిగా 450 గ్రాములు, నీటిలో 300 గ్రాములు తూగితే 450ని 150తో భాగిస్తే 3.0. డోలరైట్, యాంఫిబొలైట్ 2.9 నుంచి 3.1 మధ్య ఉంటాయి. నల్ల సున్నపురాయి 2.7, చెకుముకి 2.6 దగ్గర. మీ గొడ్డలి 2.7 చూపిస్తే అది నల్ల సున్నపురాయో, గట్టి షేలో కావచ్చు. అప్పుడు పైన చెప్పిన దూరం వాదనంతా ఎగిరిపోతుంది. అందుకే ఇది ముందు చేయండి. చిన్న ముక్కలకు ఒక గ్రాము త్రాసు చాలదు, 100 గ్రాముల లోపు రాయికి పదో వంతు గ్రాము చూపేది కావాలి. రాయి మీద గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది, అరగంట నాననిచ్చి తూచండి.

ఒక అయస్కాంతాన్ని దారానికి కట్టి దగ్గరగా పట్టుకుంటే డోలరైట్ చాలాసార్లు కొద్దిగా లాగుతుంది, సున్నపురాయి లాగదు. ఇది సూచన మాత్రమే.

తరకల లెక్క గొడ్డలి కన్నా విలువైనది. చాలామంది అందమైన పనిముట్టు ఒక్కటి ఏరుకొని పెచ్చులను వదిలేస్తారు. పనిముట్టు చేతులు మారుతుంది, చెక్కినప్పుడు రాలిన తరక మాత్రం చెక్కిన చోటే ఉండిపోతుంది. ఒక ఊళ్లో డోలరైట్ గొడ్డళ్లు ఉండి, డోలరైట్ తరకలు లేకపోతే ఆ గొడ్డళ్లు చెక్కుడు పూర్తయ్యాకే అక్కడికి వచ్చాయి. పెద్ద తోలు పెచ్చులు కూడా ఉంటే ముడి గుండునే మోసుకొచ్చారు. తోలు లేని చిన్న తరకలు మాత్రమే ఉంటే సగం చెక్కినది తెచ్చి ఇక్కడ ముగించారు, లేదా మొద్దుబారిన అంచును ఇక్కడ సరిచేశారు.

కాబట్టి రాయి రకం ఒక్కొక్కదానికి ఈ నాలుగూ రాయాలి: పెచ్చుల సంఖ్య, మొత్తం బరువు, తోలు పూర్తిగా కప్పినవి, సగం కప్పినవి, అసలు లేనివి ఎన్నెన్ని, అతి పెద్ద పెచ్చు పొడవు. వనరుకు దూరం పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుంది, తోలు తగ్గుతుంది, ఒకే ముక్కను మళ్లీ మళ్లీ పదును పెట్టిన గుర్తులు పెరుగుతాయి. మీ ఎర్ర చెకుముకిలో తోలు పెచ్చులు ఎక్కువగా ఉండి, పాలరంగు దానిలో ఒక్కటీ లేకపోతే, ఆ రెండూ వేర్వేరు దూరాల నుంచి వచ్చాయని అనుమానించడానికి కారణం దొరికినట్టే.

ఇందులో తప్పు ఎక్కడ జరుగుతుందంటే వాలు నేల మీద. వానకు చిన్న తరకలు ముందు కొట్టుకుపోతాయి, పెద్దవి మిగులుతాయి. కంటికి కనిపించినవే ఏరితే ఒక సెంటీమీటరు లోపువి దాదాపు అన్నీ తప్పిపోతాయి. తరకలు లేవు అనే మాట చెప్పాలంటే ఆ మట్టిని 2 లేదా 3 మిల్లీమీటర్ల జల్లెడతో పట్టి ఉండాలి. అది అనుమతితో జరిగే తవ్వకంలో చేసే పని. పైపైన చూసినప్పుడు "తరకలు కనిపించలేదు" అని మాత్రమే రాయండి.

బళ్లారి మాట ఎందుకు వస్తుంది? కారణం లేకపోలేదు. బళ్లారి పక్కన సంగనకల్లు, కుప్గల్ గుట్టల్లో, ముఖ్యంగా హిరేగుడ్డ మీద, డోలరైట్ డైకు వెంబడే కొత్త రాతియుగం గొడ్డళ్ల కార్ఖానా ఉంది. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దంలోనే దాన్ని గుర్తించాడు. గుండును కొట్టి ఆకారం తేవడం, చిన్న చిన్న దెబ్బలతో గరుకు దించడం, గ్రానైటు బండల మీద నీళ్లు పోసి అరగదీయడం: ఈ మెట్లన్నింటి ఆనవాళ్లు అక్కడే ఉన్నాయి. ఇటీవలి పరిశోధనల్లో తేలినదాన్ని బట్టి క్రీ.పూ. 1400–1200 ప్రాంతంలో అక్కడ ఉత్పత్తి బాగా పెరిగింది. ఆ ఊరి అవసరానికి మించి తయారైందంటే బయటికి పోయిందనే కదా అర్థం.

అక్కడి నుంచి మీ మిట్టకు తిన్నగా సుమారు 150 కిలోమీటర్లు. మధ్యలో అనంతపురం, కర్నూలు జిల్లాల్లో వందలాది డోలరైట్ డైకులు ఉన్నాయి, పాలవాయి లాంటి కొత్త రాతియుగం నాటి బూడిద దిబ్బల ఊళ్లూ ఉన్నాయి. గొడ్డలి కావాల్సినవాడు ఇన్ని డైకులు దాటి బళ్లారి రాయినే ఎందుకు తెచ్చుకున్నాడన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. ఉండవచ్చు కూడా: పెళ్లి సంబంధాలు, పశువుల మేత దారులు, ఆ చోటుకున్న పేరు. కానీ ముందు రాయి అక్కడిదని తేలాలి.

తేల్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రాతిని 0.03 మిల్లీమీటర్ల పలుచన పొరగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూడటం. డోలరైట్‌లో ఫెల్‌స్పార్ అనే ఖనిజపు పుల్లలు అటూ ఇటూ అడ్డదిడ్డంగా పైరాక్సీన్ అనే ఇంకో ఖనిజంలో గుచ్చుకుని ఉంటాయి. యాంఫిబొలైట్‌లో హార్న్‌బ్లెండ్ అనే ఖనిజపు గింజలు ఒకే దిక్కుకు వరసగా ఉంటాయి. అంటే డైకు రాయా, రామగిరి, జొన్నగిరి లాంటి షిస్టు పట్టీ రాయా అన్నది ఇక్కడ తేలిపోతుంది. అయితే దీనికి ముక్క కోయాలి. కాబట్టి పూర్తి గొడ్డలిని వాడరు, విరిగినదాన్నో తరకనో వాడతారు.

రెండోది, రాయిని ముట్టకుండా ఎక్స్‌రేతో మూలకాలు చదివే చేతి యంత్రం. డోలరైట్‌కు ఇది బాగా పనిచేస్తుంది. టైటానియం, జిర్కోనియం, యిట్రియం, నియోబియం చూడాలి, ఎందుకంటే రాయి పైముఖం ఎండకు వానకు కుళ్లినా ఇవి పెద్దగా కదలవు. పొటాషియం, కాల్షియం, రుబీడియం, స్ట్రాన్షియం కొట్టుకుపోతాయి కాబట్టి వాటి మీద తీర్పు కట్టకూడదు. ఒక్కో రాయి మీద కనీసం ఐదు చోట్ల, ఒక్కోచోట 60 నుంచి 120 సెకన్లు చదవాలి. మట్టి, పసుపు కుంకుమ, నూనె ఉన్నచోట చదివితే వచ్చేది వాటి లెక్కే. ఆ రోజు మొదట, చివర తెలిసిన ప్రామాణిక బసాల్ట్ పొడిని చదివి యంత్రం సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి.

ఒకే డైకు లోపలి తేడా కన్నా రెండు డైకుల మధ్య తేడా పెద్దదై ఉండాలి. ఇది లేకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా దండగ. అందుకే ప్రతి వనరు నుంచి ఒక నమూనా సరిపోదు. డైకు పొడవునా, అంచులో, నడుమ కలిపి పది దాకా కావాలి. అంచులో త్వరగా చల్లారిన రాయి సన్నగింజగా, నడుమ ముతకగా ఉంటుంది. గొడ్డళ్లు చేసేవారు సన్నగింజదాన్నే ఏరుకొని ఉంటారు. ఇంకో మాట: ఒకే కాలంలో పుట్టిన డైకుల గుంపు పదుల కిలోమీటర్ల మేర ఒకే రసాయనంతో ఉండవచ్చు. అప్పుడు "ఈ గుంపులోనిది" అని చెప్పగలం, "ఈ గుట్టది" అని చెప్పలేం. చాలాసార్లు ఈ యంత్రం ఇచ్చే నికరమైన జవాబు కాదు అన్నదే: ఇది హిరేగుడ్డ రాయి కాదు, ఇది తాడిపత్రి సిల్లు కాదు. దాన్ని చిన్నచూపు చూడవద్దు, తప్పు కథ ఒకటి అక్కడితో ఆగిపోతుంది.

చెకుముకికి ఈ చేతి యంత్రం దాదాపు పనికిరాదు. అందులో నూటికి 95 పాళ్లకు పైగా సిలికాయే, మిగతా మూలకాలు యంత్రం చూడలేనంత తక్కువ. ఒకే గడ్డలో ఈ అంచుకూ ఆ అంచుకూ తేడా ఉంటుంది. లేజరుతో సూదిమొనంత చోటు ఆవిరి చేసి చదివే ప్రయోగశాలలే దానికి గతి.

మధ్యధరా ప్రాంతంలో అబ్సిడియన్‌తో చేసిన పనులు చదివి మన దగ్గరా అంత తేలిక అనుకుంటారు. అబ్సిడియన్ అగ్నిపర్వతపు గాజు. ఒక్కో పర్వతానిది ఒక్కో రసాయన ముద్ర, లోపల తేడా దాదాపు లేదు. అందుకే గ్రీసులోని ఫ్రాంక్తి గుహలో దొరికిన ముక్కలు సముద్రం అవతల మీలోస్ దీవివని తేల్చగలిగారు, అంటే పడవలో వచ్చాయని. కెన్యాలోని ఒలోర్గెసాయిలీలో సుమారు 3 లక్షల ఏళ్ల నాడే 25 నుంచి 95 కిలోమీటర్ల దూరం నుంచి అబ్సిడియన్ తెచ్చుకున్నారని తేలిందీ అందుకే. మన సీమ రాళ్లు అంత ఉదారంగా నోరు విప్పవు. చేలో నల్లగా గాజులా మెరిసే ముక్క కనిపిస్తే అది అబ్సిడియన్ కాదు. నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఇనుము కరిగించిన కొలిమి చిట్టెం. దానిలో గాలి బుడగల గుంటలు, కారినట్టున్న మడతలు ఉంటాయి.

గాజు ముద్ర ఎంత గట్టిదో చూడాలంటే బనగానపల్లె దగ్గర మన జ్వాలాపురమే ఉంది. జుర్రేరు లోయలో తెల్లని బూడిద పొర ఉంది చూశారా, అది సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ల కింద పేలినప్పుడు గాలికి వచ్చినది. బూడిదలోని గాజు నలుసుల రసాయనం టోబాదానితో సరిపోయింది కాబట్టే ఆ మాట అంత ధీమాగా అనగలుగుతున్నాం. దాని కిందా పైనా ఉన్న పనిముట్లను పురావస్తు శాస్త్రవేత్తలు రవి కొరిశెట్టర్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం 2007లో ప్రచురించింది. చూడండి, బూడిద సముద్రం దాటి వచ్చింది, పనిముట్ల రాయి మాత్రం ఎక్కువగా ఆ లోయ చుట్టుపక్కల దొరికే సున్నపురాయి, చెకుముకి, క్వార్ట్జైట్ లాంటిదే. అదే లోయలో కొండబండ చూరు కింద సుమారు 35,000 ఏళ్ల నాటి సూక్ష్మ పనిముట్లు దొరికాయి. సున్నపురాయితో పనిముట్లేమిటి అని వదిలేయకండి. మన లోయలో సన్నగింజ సున్నపురాయి చక్కగా పెచ్చు లేస్తుంది, కాకపోతే వేల ఏళ్లలో పైముఖం కరిగి మామూలు నాపరాయి ముక్కలా కనిపిస్తుంది.

ప్రయాణమా, వర్తకమా? 20 కిలోమీటర్ల లోపు రాయికి వర్తకం అనే మాటే తేవద్దు. వేటకో మేతకో పోయినవాడు వస్తూ సంచిలో వేసుకొచ్చే దూరమది. అంతకు మించినా ఒక కుటుంబం ఏడాదిలో తిరిగే బాటలోనే ఆ వనరు ఉండవచ్చు. చేతులు మారింది అనాలంటే ఒకే రాయి పనిముట్లు పలు ఊళ్లలో ఉండి, దూరం పెరిగేకొద్దీ వాటి వాటా తగ్గుతూ రావాలి, తయారీ తరకలు వనరు దగ్గరే కుప్పపడి ఉండాలి, ఎదురు వచ్చిన సరుకేదో కనిపించాలి. కడప జిల్లాలో హనుమంతరావుపేట, పెద్దముడియం, కర్నూలు వైపు పాతపాడు, రామాపురం, వీరాపురం లాంటి తవ్విన ఊళ్ల గొడ్డళ్లను ఒకే పద్ధతిలో చదివి పక్కపక్కన పెడితే ఆ వాటా లెక్క వస్తుంది. మీ చేలో సముద్రపు గవ్వ లేదా శంఖం ముక్క దొరికితే దాన్ని చాలా జాగ్రత్తగా ఉంచండి. కుందూ లోయకు తీరం 150 కిలోమీటర్లకు పైనే, ఏ ఏరూ ఎగువకు శంఖం తేదు.

లెక్కలోకి రానివి కొన్ని ఉన్నాయి. గుడి దగ్గరో వేపచెట్టు కిందో పెట్టి పూజించే గొడ్డళ్లను మనవాళ్లు పిడుగురాళ్లంటారు. అవి ఎక్కడెక్కడి నుంచో తెచ్చి పెట్టినవి, ఆ ఊరి ఖాతాలో రాయకండి. రోడ్డు కంకర కూడా క్రషరులో పగిలి అచ్చం పెచ్చులా కనిపిస్తుంది. బేతంచెర్ల, తాడిపత్రి చుట్టూ పాలిష్ ఫ్యాక్టరీల వ్యర్థం పోసిన చేలల్లో అరిగి నున్నబడిన ముక్క చూసి గొడ్డలి అనుకునే ప్రమాదమూ ఉంది. మనిషి కొట్టిన పెచ్చుకు దెబ్బ పడిన చోట చిన్న చదును, దాని కింద ఉబ్బు, అక్కడి నుంచి అలల్లాంటి గీతలు ఉంటాయి. కంకరలో అవి పద్ధతిగా ఉండవు, అంచులన్నీ ఒకే తాజాదనంతో ఉంటాయి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఇంకేమీ ఏరకండి. ప్రతిదాన్నీ ఉన్నచోటే సెంటీమీటరు స్కేలు పెట్టి ఫొటో తీయండి, ఫోనులో అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. ఇప్పటికే తీసినవాటిని కడగకుండా, ఒకదానికొకటి తగలకుండా విడివిడి సంచుల్లో పెట్టండి. సంచి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ. చీటీలో చేను పేరు, తేదీ, మిట్ట పైనా వాలులోనా, నేల రంగు, దగ్గరి వాగు పేరు ఉండాలి. రాయి మీద పెన్నుతో రాయకండి, నెయిల్ పాలిష్ పూయకండి, దాని లోహాలు యంత్రానికి చిక్కుతాయి. సొంతంగా తవ్వడం మాత్రం చట్టరీత్యా ఇబ్బంది, శాస్త్రరీత్యా నష్టం. మట్టిలో దొరికిన పాత వస్తువు 10 రూపాయలు దాటినదైతే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. కలెక్టరు కార్యాలయానికో, రాష్ట్ర పురావస్తు శాఖకో ఫొటోలతో ఉత్తరం రాయండి. రాయి గుర్తింపుకు కడప యోగి వేమన విశ్వవిద్యాలయం గానీ, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం గానీ అడగండి, రెండుచోట్లా భూగర్భశాస్త్రం ఉంది.

ముందు గొడ్డలి సాంద్రత తూచి ఆ సంఖ్య ఇక్కడ పెట్టండి. పాలరంగు పెచ్చుల్లో తోలున్న ముక్క ఉంటే ఎండకు అడ్డం పెట్టి తీసిన ఫొటో కూడా కావాలి. ఆ రెండూ చూశాకే మిగతా సంగతి మాట్లాడుకోగలం.